అరచేతిలో మొక్కజొన్న

జంబన్న ఇరవై రెండేళ్ళు సిరుగుప్పలో వడ్ల మచ్చు చూశాడు. మండీలో కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య నిలబడి, బస్తాలోంచి గుప్పెడు వడ్లు తీసి, రెండు అరచేతుల మధ్య నలిపి, ఊక ఊదేసి, చేతులు దోసిలి చేసి ముక్కుకు ఆనించుకునేవాడు. కొత్త పంటో పాత పంటో, కళ్ళంలో తడిసిందో లేదో, పాత కాలువ కింద పండిందో కొత్త కాలువ కింద పండిందో చెప్పేవాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్న రైతులు మొదటి ఏడాది నవ్వారు. రెండో ఏడాది బస్తాలు విప్పి అతని కోసం ఎదురుచూశారు. బేరం తెగేదాకా అతను వక్కాకు, బీడీ, ఉల్లిపాయ ముట్టేవాడు కాదు. మచ్చు చూసేవాళ్ళందరికీ ఉన్న అలవాటే అది.

1959లో దగ్గు పట్టుకుంది. వడ్ల దుమ్ము పడదని బళ్ళారి డాక్టరు చెప్పాడు. మాంగనీసు దుమ్ము గురించి ఏమీ చెప్పలేదు కనుక, బండ్రి దగ్గర ఒక గని కంపెనీవాళ్ళ గెస్ట్‌హౌస్‌లో అటెండరు పని దొరికితే జంబన్న చేరిపోయాడు.

జిల్లాలో మద్యనిషేధం అమల్లో ఉన్న రోజులవి. ఖనిజం కొనడానికి వచ్చే విదేశీయులు పర్మిట్టు మీద తెచ్చుకున్న సీసాలు హాల్లోని చెక్క అలమారలో ఉండేవి. తాళంచెవి జంబన్న మొలతాడుకు ఉండేది. ఇంగ్లీషు రాదు కనుక సీసాల మీది చీటీలు చదవలేడు. అయినా ఎవరి సీసా వాళ్ళ ముందే పెట్టేవాడు. గ్లాసులు కడిగేముందు అడుగున మిగిలిన రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని వడ్లలాగే నలిపేవాడు. ఘాటు క్షణంలో ఎగిరిపోయేది. చేతిలో గింజ వాసన మిగిలేది. నాలుక మీద మాత్రం ఏనాడూ ఒక్క చుక్క వేసుకోలేదు. అతనికి అంతకంటే అవసరం కనిపించలేదు.

అతనితోపాటు అక్కడ పనిచేసేది దురుగమ్మ. వంట, ఊడ్పు, అలమారల దుమ్ము దులపడం ఆమె పని. భర్త పోయాక గెస్ట్‌హౌస్ వెనక గదే ఆమె ఇల్లు. ఇంకో ఇల్లు లేదు.

1961 ఏప్రిల్‌లో కోల్మన్ అనే అమెరికన్ మూడు నెలల తర్వాత మళ్ళీ వచ్చాడు. సాయంత్రం నాలుగు గంటలకు వరండాలో కూర్చుని, జనవరిలో సగం తాగి వదిలివెళ్ళిన సీసా తెప్పించుకున్నాడు. అది బర్బన్, వాళ్ళ దేశపు విస్కీ. ఒక గుక్క తాగి ముఖం చిట్లించి, గ్లాసు కింద పెట్టి, ఇందులో ఏదో కలిసిందన్నాడు.

మేనేజరు చెన్నకేశవరావు తల కొట్టేసినట్టయి నిలబడ్డాడు. పద్ధతి గల మనిషి, కంపెనీ పరువు తన పరువే అనుకునేవాడు. సీసాలో మట్టం జనవరిలో తాను చీటీ మీద గీసిన గీత దగ్గరే ఉంది. తగ్గకపోవడమే ఆయనకు రుజువైంది. తాగినవాళ్ళు తాగినంత నీళ్ళో నాటుసారాయో పోసి గీతకు తెచ్చారన్నాడు. తాళం తీసినప్పుడల్లా గుడ్డ పట్టుకుని అలమార దగ్గర ఉండేది దురుగమ్మ. పొద్దున బస్సుకు వెళ్ళిపొమ్మన్నాడు. వెళ్ళకపోతే పోలీసులకు చెప్పాల్సివస్తుందన్నాడు.

దురుగమ్మ ఏడవలేదు. మందు తాను ముట్టలేదని ఒకసారి చెప్పింది. ఆయన వినకపోయేసరికి గదిలోకి పోయి చీరలు మూట కట్టుకోవడం మొదలుపెట్టింది.

జంబన్న సీసా అడిగి తీసుకున్నాడు. రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని నలిపి ముక్కుకు పెట్టుకున్నాడు.

“నీళ్ళు కలపలా సార్. సారాయీ కలపలా. ఏది ఉండాల్నో అదే ఉండాది. దాంతోపాటు కుసుమ నూనె వాసన ఉండాది.”

“ఎన్నడూ తాగనివాడివి, నీకేం తెలుస్తుందయ్యా?”

“వడ్లు కూడా నేను పచ్చివి తినలేదు సార్.”

కోల్మన్‌కు తెలుగు రాదు. అతనేమంటున్నాడని అడిగాడు. చెన్నకేశవరావు అయిష్టంగానే చెప్పాడు. కోల్మన్ నవ్వి, అయితే చూద్దామని లేచాడు. హాల్లోకి పోయి తలుపు వేసుకుని, నాలుగు గ్లాసుల్లో వేలెడంత పోసి, ట్రేలో తెచ్చి వరుసగా పెట్టాడు. తన దగ్గర స్కాట్లాండు విస్కీ అయిన స్కాచ్, బర్బన్, రెండు రకాలే ఉన్నాయని అతను ముందే అంటే మేనేజరు తన స్కాచ్ సీసా కూడా ఇచ్చాడు. తెలిసినవాళ్ళ ద్వారా బొంబాయి నుంచి పర్మిట్టు మీద తెప్పించుకుని, పెద్ద అతిథులకే విప్పే సీసా అది.

జంబన్న తొందరపడలేదు. పెరట్లో బూడిదతో చేతులు తోముకుని, మూడు బిందెల నీళ్ళతో కడుక్కుని, తుడుచుకోకుండా ఎండలో ఆరబెట్టుకున్నాడు. వంటింటి గాలి సోకకుండా వరండా చివరికి పోయి నిలబడ్డాడు. ఒక్కో గ్లాసుకూ మధ్య మళ్ళీ కడుక్కోవడమే. కోల్మన్ చేతిలో సిగరెట్టు వెలిగించకుండానే ఉండిపోయింది.

మొదటి గ్లాసు నలిపి, జ్వరమొచ్చినోళ్ళకు కాచే బార్లీ నీళ్ళ వాసన అన్నాడు. పొగ ఉంది, కట్టె పొగ కాదు, పిడక పొగా కాదు. చెరువు అడుగు బురద ఎండబెట్టి కాలిస్తే ఇట్లాంటి పొగ వస్తుందేమో అన్నాడు. చెన్నకేశవరావు ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పగానే కోల్మన్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. స్కాట్లాండులో బురద నేలను పారతో పెళ్ళలుగా కోసి, ఎండబెట్టి, ఆ మంట మీదే బార్లీ ఆరబెడతారని చెప్పాడు. జంబన్న సిరుగుప్ప, బళ్ళారి, హోసపేట, బండ్రి తప్ప ఇంకో ఊరు చూసినవాడు కాదు.

రెండో గ్లాసు దగ్గర అతని ముఖం తేటపడింది.

“ఇది మొక్కజొన్న సార్. ముదురు గింజ. దీన్ని పెట్టిన పీపా లోపల కాల్చినారు. బండి చక్రానికి కాలే ఇనుప పట్టా ఎక్కించేటప్పుడు కట్టె మాడుతుందే, ఆ వాసన.”

కోల్మన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. బర్బన్‌కు ముఖ్యమైన గింజ మొక్కజొన్నే. దాన్ని నిలవ చేసే పీపాను ముందు లోపలివైపు మంట పెట్టి బొగ్గు చేస్తారు. తాను ముప్పై ఏళ్ళుగా తాగుతున్నాననీ, తన తాత ఆ పీపాలు కట్టాడనీ, నాలుక మీద వేసుకున్నా గింజను ఇంత తేటగా ఎప్పుడూ చూడలేదనీ అన్నాడు. చివరి మాట మేనేజరుతో కాదు, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

మూడో గ్లాసు జంబన్న రెండుసార్లు నలిపాడు. తర్వాత నేలకేసి చూశాడు.

“చెప్పు,” అన్నాడు చెన్నకేశవరావు.

“ఇది ధాన్యమే కాదు సార్. హోసపేట చక్కెర ఫ్యాక్టరీ కాడ గాలి ఇటు తిరిగితే వచ్చే వాసన. చెరుకు మడ్డి. పైన ఏదో రంగు.”

అది చెన్నకేశవరావు స్కాచ్. ఆ సంగతి ఆయనకు గ్లాసు రంగు చూసినప్పుడే తెలుసు. ఆ మాటను ఇంగ్లీషులో చెప్పాల్సిందీ ఆయనే. ఉన్నదున్నట్టే చెప్పాడు. కోల్మన్ ఆ గ్లాసులోంచి కొంచెం రుచి చూసి, నిజమేనన్నట్టు తల ఊపాడు. మేనేజరు వైపు మాత్రం చూడలేదు.

నాలుగో గ్లాసు నలుపుతుండగానే జంబన్న అన్నాడు. “రెండోదీ ఇదీ ఒకటే సార్. రవ్వంతైనా పలచన కాలా. దీనికి నూనె వాసన పట్టింది, దానికి పట్టలా, అంతే.”

రెండోది కోల్మన్ ఆ రోజే విప్పిన కొత్త సీసాలోది. నాలుగోది దురుగమ్మ మీద నేరం మోపిన పాత సీసాలోది.

నూనె ఎట్లా వచ్చిందో తేలాలి. పాత సీసా బిరడాను జంబన్న చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. బెండు బిరడాయే, అయితే చుట్టూ కత్తితో చెక్కి ఉంది. దురుగమ్మను పిలిచాడు.

“దురుగమ్మా, సీసా మూత నువ్వేమన్నా మార్చినావా?”

“మార్చితి. ఆ మూత పురుగు తిని పొడి పొడి అయి ఉండె. గాలి పోతాదని నూనె సీసాది తీసి, కోసి పెడితి. మందు మాత్రం ముట్టలా, ఇందాక అదే చెప్తి కదా.”

“మూత సంగతి ముందే చెప్పొద్దా?” అన్నాడు మేనేజరు.

“మీరు మందు తాగినావా అని అడిగిరి. మూత గురించి యాడ అడిగిరి?”

చెన్నకేశవరావు ఆమెను పొద్దున అతిథికి ఉప్మా చేయమన్నాడు. ఆయన నోట క్షమాపణకు దగ్గరగా వచ్చే మాట అదే. తన స్కాచ్ సీసాను తానే తీసుకుపోయి పెరట్లో పారబోశాడు.

కోల్మన్ కొత్త సీసాలోంచి నిండుగా ఒక గ్లాసు పోసి, రెండు చేతులతో పట్టుకుని జంబన్నకు ఇవ్వబోయాడు. జంబన్న నమస్కారం పెట్టి వద్దన్నాడు. తాగితే రేపు చేతిలో ఏముందో తెలియదన్నాడు. ఆ మాటా చెన్నకేశవరావే తర్జుమా చేశాడు, ఈసారి గొంతు తగ్గించి.

దురుగమ్మ గదిలోకి పోయి మూట విప్పి, చీరలు మళ్ళీ దండెం మీద వేసింది. వంటింట్లో మూత లేని నూనె సీసాకు జంబన్న ఒక జొన్న బెండు ముక్క చెక్కుతూ కూర్చున్నాడు. కిటికీలోంచి వరండా కనిపిస్తోంది. కోల్మన్ ఒంటరిగా కూర్చుని, పాత సీసాలోంచి రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, రెండు చేతులూ నలిపి, దోసిలి ముక్కుకు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి మళ్ళీ వేసుకుని మళ్ళీ నలిపాడు.

“ఆయప్పకి ఏమైంది జంబన్నా?” అంది దురుగమ్మ వంటింట్లోకి వస్తూ.

“మచ్చు చూడడం నేర్చుకుంటాండాడు.”

“కుసుమ నూనె తెలిసిందంటావా?”

జంబన్న చెక్కడం ఆపి కొంచెంసేపు చూశాడు. “ఇంకా లేదు,” అన్నాడు. “చేతులు కడుక్కోలేదు కదా.”