డ్రైవరన్నకు చెప్పిన స్పీకర్లు

హైటెక్ సిటీలో నేను పనిచేసిన ఆఫీసులో, కోడ్ రాయడం కన్నా స్పీకర్లు చెప్పడంలోనే నాకు ఎక్కువ పేరు. తక్కువ ఖర్చులో మంచి మ్యూజిక్ సిస్టమ్ కావాలంటే అందరూ నా సీటు దగ్గరికే వచ్చేవారు. యాంప్లిఫయర్ సెకండ్ హ్యాండ్‌ది తీసుకున్నా ఫర్వాలేదండి, మిగిలిందంతా స్పీకర్ల మీద పెట్టండి, వేలు పోసి వైర్లు మాత్రం కొనకండి అని చెప్పేవాణ్ణి. ఎవరొచ్చినా ముందు రెండు ప్రశ్నలు అడిగేవాణ్ణి: గది ఎంత, వినేది ఏమిటి. ఇవి తెలియకుండా స్పీకర్లు చెప్పడమంటే నాడి చూడకుండా మందివ్వడమేనని కోతలు కూడా కోసేవాణ్ణి.

ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. మాది కృష్ణా జిల్లా, మా ఆఫీసు క్యాబ్ నడిపే డ్రైవరన్నది నల్గొండ జిల్లా. రోజూ పొద్దున్నే మదీనాగూడలో నన్ను ఎక్కించుకునేవాడు. కారు అద్దం మీద జై తెలంగాణ స్టిక్కరు ఉండేది. రాష్ట్రం సంగతి మాత్రం ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు. ఒకరోజు, ఇంట్లోకి మంచి సౌండ్ బాక్సులేవో చెప్పమని అడిగాడు. నేను స్టిక్కరు వైపు చూశాను. సభల్లో డప్పులు మోగే పాటలు వింటారు, వీళ్ళకు గట్టిగా దద్దరిల్లితే చాలు అనుకున్నాను. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా, దరువు దద్దరిల్లించే పెద్ద వూఫరున్న సెట్టొకటి చెప్పేశాను. వారంలోనే కొన్నాడు. ఎలా ఉందంటే "మంచిగుంది సార్" అన్నాడు. నేను పొంగిపోయాను.

నెల తర్వాత ఒక బంద్ రోజు మధ్యాహ్నమే ఆఫీసు వదిలేశారు. మెయిన్ రోడ్డు నిండా ఊరేగింపు. అన్న కారును బోరబండ వైపు తిప్పి, జరసేపు మా ఇంట్ల కూసుందురు రండని తీసుకెళ్ళాడు. ఒకటే గది, కిరాయిది. నేను చెప్పిన సెట్టు మూలన ఉంది. వూఫరుకు పాత దుప్పటి మడతలు పెట్టి చుట్టారు. ఎందుకని అడిగితే, ముందుగాల చాయ తాగుండ్రి సార్ అన్నాడు. ఆయన భార్య టీ ఇచ్చింది. బాగున్నారా అమ్మా అంటే తల ఊపింది తప్ప మాట్లాడలేదు.

అప్పుడు చెప్పాడు. ఆమె దీక్షా శిబిరాల్లో పాటలు పాడేదట. గొంతులో గడ్డకు ఆపరేషన్ తప్పలేదు. ప్రాణం నిలిచింది, గొంతు పోయింది. ఇప్పుడు గుసగుసగానే మాట్లాడగలదు. శిబిరంలో ఆయన ఫోనులో పట్టిన పాట ఒక్కటే మిగిలింది. కూతురు అప్పటికి నెలల పిల్ల, ఇప్పుడు మూడేళ్ళు.

"ఫోన్ల సరిగ ఇనవడదని, బిడ్డకు వాళ్ళమ్మ గొంతు ఇనిపిద్దామని కొన్న సార్. ధనధన తప్ప మాట సమజైతలేదు. గా గొంతు మా అమ్మది కాదంటది బిడ్డ. మీరు మనసుపెట్టి చెప్పిండ్రు, బాగలేదని ఎట్లంటం?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆఫీసులో అందరినీ అడిగిన మాట ఈయన్ని ఎందుకు అడగలేదో నాకు తెలుసు.

ఆ ఆదివారం మా ఇంట్లో ఎవరినీ ముట్టుకోనివ్వని నా చిన్న స్పీకర్లు పట్టుకెళ్ళాను. వాటికి దరువు తక్కువ, గొంతు మాత్రం ముందుకొచ్చి నిలబడుతుంది. ఫోను రికార్డింగులో ఎలాగూ ఉండేది గొంతే. గోడకు కాస్త ఎడంగా, పిల్ల చెవి ఎత్తుకు వచ్చేలా రెండు స్టూళ్ళ మీద పెట్టాను. పాట మొదలవగానే తల్లి గడప దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఎప్పుడు పెట్టినా ఆమె బయటికి వెళ్ళిపోతుందట.

ఈసారి ప్రతి మాటా తెలిసింది. రెండో చరణం మధ్యలో ఎక్కడో పసిపిల్ల ఏడుపు వినిపించింది. పాట ఆగింది. రికార్డింగులోనే ఆమె నిండు గొంతుతో "ఊకో బిడ్డా, ఊకో" అని, మళ్ళీ పాట అందుకుంది. ఆ ముక్క అక్కడుందని రికార్డు చేసిన ఆయనకే తెలియదు.

పిల్ల స్పీకరును వదిలి తల్లి వైపు తిరిగింది. నేరుగా వెళ్ళి కొంగు పట్టుకుంది.

"అమ్మా, మల్లొక్కసారి అను."

తల్లి కిందికి వంగింది. రోజూ నిద్రపుచ్చేటప్పుడు అనే మాటే, రోజూ అనే గుసగుసలోనే, ఊకో బిడ్డా అంది.

"గా పాడేది నువ్వే" అంది పిల్ల.