ప్రసంగవేదిక ఎక్కిన కెప్టెన్ డారో

లొవీనా టటిల్ అమెరికాలోని తన ఒహాయో రాష్ట్రం దాటి అడుగు బయట పెట్టలేదు. ఎలుగుబంటిని చూసింది ఒకే ఒక్కసారి, అదీ సర్కస్ బండిలో, నిద్రపోతుండగా. అయినా పదకొండేళ్లలో పిల్లల కోసం నలభై మూడు అడవి సాహస కథలు రాసి, లెక్కలేనన్ని ఎలుగుబంట్లను చంపించింది. అట్ట మీద మాత్రం ‘కెప్టెన్ బక్ డారో’ అని ఉండేది. ఆడమనిషి రాసిందంటే కుర్రాళ్లు కొనరని న్యూయార్క్ ప్రచురణకర్త తగిలించిన పేరది.

ఈ సంగతి ఆమె ఉండే మిల్‌బ్రూక్‌లో ఎవరికీ తెలియదు. తెలిస్తే, ఇలాంటి కథలు పాపమనే మెథడిస్టు చర్చి సంఘం జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. భర్త పోయాక ఆ ఊళ్లో ఆమెకున్న చుట్టరికమంతా ఆ సంఘమే.

ఒక ఆదివారం పాస్టర్ స్ప్రౌల్ గారు కెప్టెన్ డారో పసుపు అట్ట పుస్తకమొకటి పట్టుకుని ప్రసంగవేదిక ఎక్కారు. "ఈ విషం ఎలాంటిదో మీరే వినండి" అంటూ ఒక పేరా చదివారు. ఆగలేక ఇంకోటి చదివారు. ఆ కథలో వరదకి చిక్కిన వేటగాడు జెడ్ గుహలో ఉన్నాడు. ఆకలితో ఉన్న నేస్తానికి అడవి పళ్లు కూరి ‘పై’ అనే తీపి రొట్టె చేస్తూ, పిండిలో చెంచాడు వెనిగర్ పోశాడు.

వెనక బెంచీలో హెప్జిబా క్రేన్ పైకే అనేసింది: "‘పై’ పిండిలో వెనిగరా? ఈ ఊళ్లో ఆ పని చేసేది ఒక్కతే!"

ఆడవాళ్ల బానెట్ టోపీలన్నీ లొవీనా వైపు తిరిగాయి. ఆమె బైబిల్లో తల దూర్చింది. పాస్టర్ గారు మాత్రం చదువుతూనే ఉన్నారు. నీళ్లు జెడ్ గొంతుదాకా వచ్చాయి. ఇళ్లల్లో బీన్స్ మాడిపోతున్నాయని అందరికీ తెలుసు, ఒక్కరూ లేవలేదు. చివరి పేజీలో ‘మిగతాది వచ్చే పుస్తకంలో’ అని ఉంది. ఆయన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఉసూరుమంటూ ప్రార్థన ముగించారు.

సోమవారం పొద్దున్నే పాస్టర్ గారూ, హెప్జిబా కలిసి లొవీనా గుమ్మంలో దిగారు.

"సిస్టర్ టటిల్, ఆ కెప్టెన్ మీరేనా?" అని అడిగారు ఆయన.

"నేనే. పేరు కొట్టేయడానికొచ్చారా?"

పాస్టర్ గారు టోపీ నలిపారు. "ఆ మాట తర్వాత. ముందు... ఆ జెడ్ బతుకుతాడా?"

లొవీనా కుర్చీలు చూపించింది.

"ఇంకా రాయలేదండీ. సంఘంలోంచి వెళ్లగొడితే దిగులుతో నా చెయ్యి ఎటు పోతుందో చెప్పలేను. మునిగిపోయినా పోవచ్చు."

"అయ్యో, చంపకే తల్లీ!" అంది హెప్జిబా. "మా ఆయన నిన్నట్నుంచి ముద్ద ముట్టలేదు."

పాస్టర్ గారు గొంతు సవరించుకున్నారు. "కొట్టేస్తామని ఎవరన్నారు సిస్టర్? మీరు కానివ్వండి, మేం కదలం."

లొవీనా సిరాబుడ్డి మూత తీసింది.