కాకులెత్తుకుపోయిన కానుక

రాసుకో అమ్మాయ్. పోయినేడు కోత పండక్కి చర్చిలో కానుకిద్దామని, నిజాంపట్నం నుంచి తెచ్చిన చేపలు రేపల్లెలో మన డాబా మీద ఎండబెట్టాను. బైబిల్లో అబ్రాహాము బలి మీద వాలిన గద్దల్ని తోలాడుగా! నేనూ కర్ర పట్టుకుని, గద్దల కోసం ఆకాశంకేసే చూస్తూ కూర్చున్నాను. ఈలోగా వెనక నుంచి కాకులొచ్చి సగం చేపలు ఎత్తుకుపోయాయి. పండక్కి సగం కానుకే పట్టుకెళ్ళాలే అని ఏడుపొచ్చింది.

పాస్టరుగారికి చెబితే ఒకటే నవ్వు. "అమ్మగారూ, ఆ వాక్యంలో గద్దలన్న చోట హెబ్రీలో ఉన్న మాట 'అయిత్' అండి. ఒక్క గద్దే కాదు, అరుచుకుంటూ మాంసం మీద పడే పక్షులన్నీ అందులోకే వస్తాయి."

"అయితే మా కాకులూ అంతేగా? ఆ ముక్క ఆదివారం ప్రసంగంలో చెప్పొద్దూ అయ్యగారూ?"

మిగిలిన సగమే పళ్ళెంలో సర్ది ఇచ్చాను. పండగనాడు చర్చిలో కానుకలు వేలం వేస్తే, వాటిని పాడుకున్నది పాస్టరుగారే.