అంచు పడుగులోని రెండు బద్దలు

మా ఇంటి మగ్గం మీద పట్టు అంచు చెడింది మా వదిన చేతివల్ల కాదు, నావల్ల. ఈ మాట చెప్పవలసిన పొద్దున నేను నోరు విప్పలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు విప్పలేదు.

అప్పుడు నాకు పదిహేనేళ్లు. వనపర్తి జట్టు గద్వాలకు వచ్చి మా బడితో ఫుట్‌బాల్ ఆడుతుందని తెలిసింది. ఏం తొడుక్కొని రావాలో డ్రిల్లు సారు ముందే చెప్పాడు.

"ధోతి ఎగ్గట్టి వస్తె మైదానంల అడుగు పెట్టనియ్య. నిక్కరు, బనీను, మోకాళ్ల దాక మేజోళ్లు. సమజైందా?"

నిక్కరు అమ్మ కుట్టించింది. మేజోళ్లు బడిలో ఇచ్చారు. బూట్లు మాత్రం మాలో ఎవరికీ లేవు. వనపర్తి వాళ్లకు ఉన్నాయి. కిందటేడు వాళ్ల ఊళ్లో ఆడినప్పుడు మా జట్టువాడొకడికి బూటు తగిలి మోకాలి కింది ఎముక విరిగింది. మంచం మీద దవాఖానకు మోసుకుపోయారు. ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడైందని నా పక్కన కూర్చునేవాడు పదే పదే చెప్పేవాడు.

"ఆళ్లు మేజోళ్ల లోపట బద్దలు పెట్టుకుంటరురా. నీకేమున్నది? వట్టి తోలు," అని నవ్వాడు.

ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. కాళ్లు కడుక్కుంటూ మోకాలి కింది ఎముకను తడిమి చూసుకునేవాణ్ని.

బద్దలు మా ఇంట్లోనే ఉన్నాయి. చీర అంచుకు పట్టు పడుగు, అంటే నిలువు పోగుల వరుస, వేరుగా ఉంటుంది. ఆ పోగులు వరుస తప్పకుండా వాటి మధ్య జానెడున్నర వెదురు బద్దలు రెండు దూర్చి ఉంటాయి. అవి తీస్తే పోగులన్నీ కలిసిపోతాయని మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. బద్ద తీసేముందు దాని చోట దారం దూర్చి ముడి వేస్తే వరుస నిలుస్తుందనీ తెలుసు.

ఆ మగ్గం మీద అప్పుడు వదిన నేస్తోంది. రాజోలి నేతింటి పిల్ల, మా ఇంటికి వచ్చి నాలుగు నెలలు. "ఆడది మగ్గమెక్కుడేంది?" అని అమ్మ గొణిగినా, అన్న పట్టుబట్టి ఆమెను కూర్చోబెట్టాడు. అదే ఆమె మొదటి చీర.

ఆట రోజు నేను తప్ప ఇంటిల్లిపాదీ గట్టు అనే ఊరికి పెళ్లికి పోయారు. నేను చేతికందిన పట్టుదారం దూర్చి, ఒక్క ముడి వేసి, బద్దలు లాగాను. మేజోళ్లలో పెట్టుకొని ఆడాను. బూటు ఒకసారి గట్టిగా తగిలింది. బద్ద కొస చీలింది గాని కాలికేమీ కాలేదు.

సాయంత్రం వచ్చి చూస్తే ముడి జారిపోయి ఉంది. పట్టుకు ఒక్క ముడి ఆగదు. కలిసిపోయిన పోగుల మధ్య బద్దలు ఎట్లా పడితే అట్లా దూర్చి, చీలిన కొసను లోపలి వైపుకు తిప్పాను.

మర్నాడు వాళ్లు తిరిగి వచ్చారు. ఆ తర్వాతి పొద్దున వదిన మగ్గంలో కూర్చొని కాలిపలక తొక్కగానే అంచు పోగులు కుచ్చుగా తెగాయి.

"రాజోలిల గిట్లనే నేస్తరా?" అంది అమ్మ. "నేనప్పుడే అన్న. విన్నరా ఎవరన్న?"

"నేను కూసునేసరికే గట్లున్నదత్తా. నాకేం తెల్వదు."

"మరి ఇంట్ల దయ్యాలొచ్చి నేసినయా?"

నాన్న వంగి బద్దల మీద చెయ్యి వేశాడు. చీలిక వేలికి తగిలితే చాలు, నేను దొరికిపోయేవాణ్ని. తగలలేదు. ఆయన లేచి, "దిగు బిడ్డా," అన్నాడు మెల్లగా. వదిన మా అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసింది. నా దగ్గరికి వచ్చేసరికి నేను తల వంచుకున్నాను.

ఆమె మళ్లీ మగ్గం ఎక్కలేదు. ముప్పై ఏళ్లు ఇతరుల మగ్గాలకు కండెల మీద దారం చుట్టింది. అమ్మా నాన్నా పోయాక కూడా, "నాకు అచ్చిరాదు," అని తనే అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాన్న వేలు ఆ చీలిక వైపు జరుగుతున్నట్టే ఉండేది.

మొన్న ఆమె రాట్నం ముందు కూర్చొని మొత్తం చెప్పాను. రాట్నం ఆగింది. వదిన అడిగింది: "కాలు బాగనే ఉండె గదా?"

"బాగనే ఉండె వదినా. చిన్న మచ్చ గూడ లేదు. బద్దలు తీసింది నేను, తప్పుగ పెట్టింది నేను. నిన్ను దింపుతుంటె చూసుకుంట ఊకున్న. నీ చెయ్యి మంచిదే. నేనే పాడుజేసిన. నన్ను మాఫ్ చెయ్యి."