వడగండ్లకు ముందు మా మైకు వ్యాను

పెళ్లయ్యాక మా ఆయన మైకు సెట్టు వ్యాపారంలో నా వంతుగా పెట్టింది గొంతు ఒక్కటే. మదనపల్లె మిషన్ కాంపౌండులో పుట్టి, చర్చి పాటలతో పెరిగిన గొంతు. ఎనభైల మొదట్లో మదనపల్లె నుంచి పుంగనూరు దాకా సినిమాల ప్రచారమంతా నాదే. మా ఆయన పాత వ్యాను నడిపేవాడు, నేను పక్కన కూర్చుని చెప్పేదాన్ని. ఆడమనిషి మైకులో అరవడమేమిటని మూతి తిప్పుకున్నవాళ్లు కూడా సినిమాకు మాత్రం వచ్చేవాళ్లు.

మబ్బుల వెంట పడడం ఆ రోడ్డు మీదే మొదలైంది. ఎండాకాలంలో మధ్యాహ్నం వాలాక కుప్పం దిక్కున ఉరుములు లేస్తాయి. పుంగనూరు బస్టాండులో టీ తాగుతూ కుప్పం బస్సు కోసం చూసేవాళ్లం. టాపు మీద గోనె మూటలు తడిసి ఉంటే దారిలో వాన ఉన్నట్టు. క్లీనరు టార్పాలిన్ దులిపినప్పుడు ఇంకా కరగని వడగండ్లు రాలితే అది ఎంతో దూరంలో లేనట్టు. ఇక సినిమా సంగతి వదిలేసి మదనపల్లె రోడ్డు పట్టేవాళ్లం, మబ్బు వెనకా మేము ముందూ. టమాటా తోటల దగ్గర ఆగి, రాళ్ల వాన వస్తాండాది, పండిన కాయలన్నా కోసుకోండని మైకులో చెప్పేదాన్ని. రాయి తగిలిన కాయను మార్కెట్లో ఎవరూ ముట్టుకోరు.

మదనపల్లెలో వాన కొలిచి, లెక్క పైకి పంపే చిన్న ఆఫీసు ఒకటి ఉండేది. అందులో ఉద్యోగి కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినాయన. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. నా మైకు వినబడితే చాలు, ఆయనకు ఎక్కడ లేని చిరాకు. రేడియోలో అక్కడక్కడా జల్లులన్న రోజే నేను రాళ్ల వానంటే, జనం పోయి ఆయన్ను నిలదీసేవాళ్లు. ఒకరోజు ఆయన వ్యానుకు అడ్డం నిలబడ్డాడు.

"చూడమ్మా, కురిసిన వానను కొలవడం నా ఉద్యోగం. కురవబోయే దాని గురించి చెప్పే అధికారం నాకే లేదు. నీకెవరిచ్చారు?"

నాకు ఒళ్లు మండింది. "కురిసినాక కొలిస్తే ఏమొస్తాది సార్? రాలిన కాయలు మళ్లీ సెట్టుకు అతుక్కుంటాయా?" అన్నాను. ఆయన వ్యానుకు అడ్డం తొలగి వెళ్లిపోయాడు. గెలిచానని పొంగిపోయాను.

ఆ పొంగు ఎంతో కాలం నిలవలేదు. ఒక సాయంత్రం మా వెనకే తరుముకొచ్చిన మబ్బు కాస్తా హార్స్లీ హిల్స్ వైపు తిరిగిపోయింది. ఊరి పొలిమేరలో తోట కౌలుకు చేసే పెద్దాయన ఒకడు నా మాట నమ్మి, పిందెలతో సహా కోసేశాడు. చుక్క వాన పడలేదు. ఆ పిందెలు బుట్టల్లోనే వాడిపోయాయి. ఆఫీసాయన తాలూకా ఆఫీసులో ఫిర్యాదు చేశాడు. మైకు అనుమతి సినిమాకే, వాన మాటెత్తితే మైకు లాక్కుంటామని హెచ్చరించారు. మబ్బు మనసు మార్చుకుంటే నేనేం చేసేదని ఇంట్లో ఎగిరాను. అయినా ఆ తోట ముందు నుంచి పోయేటప్పుడు పెద్దాయన వైపు చూడలేకపోయేదాన్ని.

మరుసటి ఎండాకాలం కుప్పం బస్సు టాపు మీద నుంచి వడగండ్లు దోసిళ్లకొద్దీ రాలాయి. మైకు పోతే పోనీ అనుకుని బయల్దేరి, తోటల దగ్గర రాళ్ల వానని మళ్లీ మైకులో చెప్పాను. పెద్దాయన తోట నిండా ఎర్రగా కాయ. బావి ఎండిపోతున్న ఏడాది అది. ఆ కోత దక్కితేనే వాళ్లకు తిండి. ఆయన గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"వాన రాకడ, పానం పోకడ ఎవురికి తెలుసమ్మా? పోయినేడు నీ మాట ఇన్నాను. ఈ తూరి ఇనను."

ఆయన కదలకపోయేసరికి పక్క తోటలవాళ్లూ కదల్లేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. ఆయనతో వాదిస్తూ కూర్చుంటే మబ్బు ఆగుతుందా? వ్యాను నేరుగా వాన కొలిచే ఆఫీసుకు పోనిమ్మన్నాను.

ఆఫీసాయన ఆవరణలో నిలబడి ఆకాశమే చూస్తున్నాడు. మీరు చెప్తే వింటారు, రండన్నాను. చెప్పనన్నాడు.

"సెప్పొద్దు సార్. ఊరికే వచ్చి కూసోండి. పడేది కళ్లారా సూడొచ్చు."

ఆయన మరోసారి ఆకాశం వైపు చూశాడు. తర్వాత గొడుగు చంకలో పెట్టుకుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. నేను మైకు ఆయన ఒళ్లో పెట్టాను. పరాయివాళ్ల పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు గానీ నోరు మెదపలేదు.

తోట దగ్గర పెద్దాయన ముందు సీటు వైపు వంగి చూశాడు. "ఆపీసు సారే వచ్చినాడే" అని, వెనక్కి తిరిగి ఇంట్లోవాళ్లను బుట్టలు తెమ్మని కేకేశాడు. ఆ కేకతో చుట్టుపక్కల వాళ్లంతా తోటల్లోకి దిగారు. నేనూ మా ఆయనా దిగాం. తొలి రాయి వ్యాను టాపు మీద ఠంగున పడేసరికి సగానికి పైగా కోశాం. బుట్టలు వ్యాన్లోకి ఎక్కించి, చోటు చాలక ఒకటి ఆఫీసాయన ఒళ్లో కూడా పెట్టాం. ఇస్త్రీ చొక్కాకు టమాటా రసం అంటింది.

"నేనేమీ చెప్పలేదు" అన్నాడు నాతో.

లేదు సార్, ఎవరడిగినా అదే చెప్తానన్నాను. ఆయన మీద మొదటిసారి ప్రేమ లాంటిది పుట్టింది.

వారం తిరక్కముందే తాలూకా ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు. తోటల దగ్గర మైకులో వాన మాటెత్తానని ఫిర్యాదు అందిందట, మైకు అప్పజెప్పాలట. ఫిర్యాదు చేసింది ఎవరని అడిగితే, ఆ ఆఫీసాయనే. ఆ రాత్రి నేను తిట్టని తిట్టు లేదు. మా ఆయన పడీ పడీ నవ్వాడు, దానికి ఆయన్నూ తిట్టాను.

మైకు లేని వ్యానుతో సినిమా ప్రచారం ఆగిపోయింది గానీ మబ్బులు ఆగలేదు. మళ్లీ కుప్పం దిక్కు నల్లబడిన రోజు, గొంతు చించుకుని అయినా చెప్తానని బయల్దేరాను. ఆ ఆఫీసు ముందుకు రాగానే గేటు దగ్గర ఆయన, గొడుగుతో. నేను మొహం తిప్పుకున్నాను. ఆయన తలుపు తనే తీసుకుని, నన్ను జరగమని, ముందు సీట్లో కూర్చున్నాడు.

"మైకు మీరే పెరికించేస్తిరి గదా సార్. ఇంకేం పని?" అన్నాను.

"మైకుకు అనుమతి లేదు. కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పోనివ్వండి."