అధ్యక్షుడు మార్జిన్‌లో రాసిన మాట

డెబ్బైల చివరో, ఎనభైల మొదలో అనుకోండి. సంవత్సరం చెబితే అధ్యక్షుడెవరో మీరు పట్టేస్తారు, అందుకని చెప్పను. వాషింగ్టన్‌లో, అధ్యక్షుడికి ఎన్నికల సలహాలిచ్చే ఒక పెద్దమనిషి సొంత ఆఫీసులో నేను టైపిస్టుని. ఆయన్ని హార్లన్ అందాం. ఆయన గది తలుపు ఇద్దరు సెనేటర్లు కలిసి తోస్తేగానీ తెరుచుకునేది కాదు. ఇందులో సగం కోసేసుకున్నా, ఒక సెనేటరు మిగులుతాడు.

హార్లన్ అధ్యక్షుడికి రాసే కాగితాన్ని డెసిషన్ మెమో అంటారు. ఒకటే పేజీ. పైన విషయం, అడుగున రెండు గీతలు: అప్రూవ్, డిసప్రూవ్. అధ్యక్షుడు ఏదో ఒకదాని మీద టిక్కు పెట్టి తిప్పి పంపుతాడు. చెప్పాల్సింది ఏమైనా ఉంటే మార్జిన్‌లో పెన్నుతో రాస్తాడు. దాన్ని శుభ్రంగా మళ్లీ టైపు చేసి సంబంధిత శాఖకు పంపాలి. అది ఫెయిర్ కాపీ. ఆ పని ఎప్పుడూ డోరతీ అనే పెద్దావిడ చేసేది. ఆవిడ సెలవు పెట్టిన వారం నా మీద పడింది.

అక్టోబరులో ఒక మెమో తిరిగొచ్చింది. ఉత్తరాన ఒక చలి రాష్ట్రంలో ముసలివాళ్లు ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి హీటర్లలో పోసే నూనె ఖర్చు కొంత ప్రభుత్వం భరించేది. ఆ రాష్ట్రం పోయినసారి మనకు ఓటెయ్యలేదు, ఈసారీ వెయ్యదు, కాబట్టి ఆ సాయాన్ని ఈ చలికాలం నుంచే ఆపి, మనవాళ్లున్న చోటికి మళ్లిద్దామని హార్లన్ రాశాడు. అధ్యక్షుడు అప్రూవ్ మీద టిక్కు పెట్టాడు. పక్కన మార్జిన్‌లో మాత్రం, ‘ఈ చలికాలం గడిచాకే. ముసలివాళ్లను చలిలో కూర్చోబెట్టలేను’ అని రాశాడు.

నేను గుంటూరులో టైపు హయ్యర్ పాసైనవాణ్ణి. ఆ పరీక్షలో చేతిరాత కాగితం ఒకటిస్తారు. మార్జిన్‌లో రాసిన ప్రతి మాటా తెచ్చి దాని చోట్లో కలిపి టైపు చేయాలి. ఒక్కటి వదిలినా మార్కులు కోసేస్తారు. ఆ అలవాటు కొద్దీ అధ్యక్షుడి మాటను టిక్కు కిందే చక్కగా చేర్చి శాఖకు పంపేశాను.

నాలుగో రోజున హార్లన్ పిలిచాడు. శాఖవాళ్లు సాయం ఆపడానికి ఒప్పుకోలేదట.

“రావ్, మార్జిన్ టైప్ చేయమని నీకు ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు సార్. అక్కడ ఉంది, చేశాను.”

“టిక్కు ఆర్డర్. మార్జిన్ ఆయన మూడ్. మూడ్‌ని మనం టైప్ చేయం. డోరతీకి ఆ సంగతి తెలుసు.”

నాకు ఒళ్లు మండిపోయింది. దేశం ఎన్నుకున్న మనిషి చేత్తో రాసిన మాటను, ఎవరూ ఎన్నుకోని ఈయన ఏళ్లుగా తన ఫైళ్లలో పాతిపెడుతున్నాడన్నమాట. ఎన్ని మెమోల మార్జిన్లు అలా పోయాయో! పైగా ఇంకో మాటన్నాడు. మార్జిన్ లేకుండా కొత్త కాపీ కొట్టాలట. మొదటిది టైపిస్టు పొరపాటని నా సంతకంతో కవరింగ్ లెటర్ పెట్టాలట. రేపు పదింటికల్లా.

భోజనాల దగ్గర మా ఆవిడ వసుంధరకు చెప్పాను. తను హాస్పిటల్లో నర్సు. సారీ చెప్పి రీటైప్ చేసెయ్యండి, మీ ఇగో కాసేపు పక్కన పెట్టండి అని మొదట తేల్చేసింది. ఆ కాగితం దేని గురించో చెప్పేసరికి ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

“హీట్ లేకపోతే వాళ్లేం చేస్తారో తెలుసా మీకు? ఓవెన్ ఆన్ చేసి, డోర్ తీసిపెట్టి, దాని ముందు పడుకుంటారు. వింటర్‌లో మా వార్డ్‌కి అలా కాలినవాళ్లు వస్తారు. పోయినేడు ఒకావిడ చేతికి నేనే కట్టు కట్టాను.” ముద్ద పళ్లెంలో పెట్టేసి, “ఆయన రాసిందే కదా మీరు టైప్ చేసింది. ఆ లెటర్ మీద సైన్ చెయ్యకండి” అంది.

మర్నాడు పదింటికల్లా కవరింగ్ లెటర్ తయారైంది. ‘ఇదివరకు పంపిన ఫెయిర్ కాపీలో టైపు పొరపాట్లు లేవని ధ్రువీకరిస్తున్నాను. సరిచూసుకొనుటకు అధ్యక్షులవారి చేతిరాతతో ఉన్న మెమో జిరాక్సు జతపరచడమైనది.’ దాన్ని శాఖకు పంపేసి, కార్బన్ కాపీ హార్లన్ బల్ల మీద పెట్టాను. చదువుతుంటే ఆయన మెడమీది ఎరుపు కాలరు దాటి కిటికీ తెర దాకా పాకింది. మధ్యాహ్నానికి నా బల్ల ఖాళీ.

చేతిరాత కళ్లారా చూశాక శాఖవాళ్లు ఇక కదల్లేదు. ఆ చలికాలమంతా సాయం అందింది.

మేము జెర్సీ సిటీకి మారాక ఒకరోజు టీవీలో హార్లన్ కనిపించాడు. ఆ చలి రాష్ట్రంలోనే ప్రచార సభ. ముసలివాళ్ల సాయం ఆపొద్దని అధ్యక్షుడికి నచ్చజెప్పింది తనేనట. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వసుంధర టీవీ కట్టేయబోతే వద్దన్నాను, ఎంత దూరం వెళతాడో చూద్దామని. చాలా దూరమే వెళ్లాడు.

పెద్దవాళ్లు ఏం నిర్ణయించారన్నది, ఆ కాగితాన్ని కిందికి మోసుకొచ్చేవాడి మీద ఎంతగా ఆధారపడుతుందో ఆ మెమో నాకు నేర్పింది. ఆ చప్పట్లు హార్లన్ ఉంచుకున్నా ఫర్వాలేదు, ఆ ఇళ్లయితే వెచ్చగా ఉన్నాయి. కానీ ఆ ఆఫీసు రికార్డులో నా పేరు పక్కన ‘టైపింగ్ తప్పుల కారణంగా తొలగింపు’ అని రాయించాడు. నేను హయ్యర్‌లో ఫస్టు క్లాసు అండి. అదొక్కటీ ఇప్పటికీ మింగుడుపడదు.