పడవ బండికి పన్నెండంగుళాల చక్రాలు

యేసురాజు మాస్టారికి ఉన్నది ఒక్కటే జబ్బు. దాని పేరు 'ఒకవేళ'. చర్చిలో ఫ్యాను కింద కూర్చోడు, ఒకవేళ ఊడితే? లిఫ్టు ఎక్కడు, ఒకవేళ ఆగితే? పెళ్ళిచూపుల్లో కాంతమణిని ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మీకు ఈత వచ్చా? ఒకవేళ..." అని వాళ్ళ చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

అలాంటి మనిషి రిటైరయ్యాక, కార్ఖానా బస్తీలో ఉంటూ, పడవ కొన్నాడు. ఆ పడవ రెండు చక్రాల ట్రైలరు మీద వెళుతుంది. ట్రైలరును లాగేది స్నేహితుడు సుబ్బరాజు పాత కారు. సుబ్బరాజుకి ఆ కారంటే ప్రాణం. దాన్ని ఎవరైనా ఒక్క మాటంటే నెలల తరబడి పలకడు.

ఇప్పుడు సుబ్బరాజు దిగులు వేరు. భార్య నాగజ్యోతి కాలు విరిగి మూడు నెలలు మంచం మీద ఉండి, ఈమధ్యే కర్ర పట్టుకుని నడుస్తోంది. ఆమె కోరింది ఒక్కటే, ఒక పూట చెరువులో పడవెక్కాలని. మూడు శనివారాలు వాయిదా పడింది. ఈ శనివారం కూడా దాటితే వానలొచ్చేస్తాయి. ఇంట్లో ఆమె ముఖం చూడాలంటేనే సుబ్బరాజుకి బెంగగా ఉంది. ఇంతకీ అడ్డం, యేసురాజు ట్రైలరు చక్రాలు.

"ఆటో చక్రాలురా ఇవి. ఇంత చిన్నవి హైవే మీద గిర్రున తిరిగితే బేరింగులు మాడిపోతాయి," అన్నాడు యేసురాజు.

"పెద్దవి వేయించి తగలడు!"

"వేయిస్తే పడవ ఎత్తవుతుంది. ఒకవేళ మడ్‌గార్డుకి రాసుకుంటే?"

గురువారం సుబ్బరాజు అతన్ని టైర్ల దుకాణానికి లాక్కెళ్ళాడు. దుకాణం హరికిషన్‌ది. అక్కడ యేసురాజు గంటసేపు వచ్చినవాళ్ళందరినీ "మీ టైరు ఏ సంవత్సరానిదో చూశారా?" అని హడలగొట్టాడు. భయపడి ఇద్దరు కొత్త టైర్లు వేయించుకున్నారు కాబట్టి హరికిషన్ ఓర్చుకున్నాడు.

"సార్, గివి పదమూడంగుళాలవి. జబర్దస్త్ ఉన్నయ్. జెర ఫైనల్ చెయ్యుండ్రి."

"పన్నెండే కావాలి. నాలుగు బోల్టులవి. మూడు."

"చక్రాలు బిగించే హబ్బులు సుత మార్చాలె. అయినా రెండు చక్రాల బండికి మూడేంది సార్?"

"ఒకవేళ..."

"సమజైంది, స్టెప్నీ!" అని హరికిషన్ దండం పెట్టాడు.

అంతలో యేసురాజు సుబ్బరాజు కారు పక్కన గొంతుక్కూర్చుని దాని చక్రం తడిమి చూడసాగాడు.

"నా కారుకేమైంది?" సుబ్బరాజు గొంతు మారింది.

"ఏం లేదురా, ఊరికే."

శనివారం పొద్దున్నే నాగజ్యోతితో కలిసి ముగ్గురూ బయల్దేరారు. మేడ్చల్ దాటాక ఢామ్మని పేలింది.

"నీ పెద్ద చక్రాలే కొంప ముంచాయి!" అంటూ సుబ్బరాజు దిగాడు. ట్రైలరు చక్రాలు నిక్షేపంలా ఉన్నాయి. పేలింది అతని కారు వెనక టైరు. డిక్కీ తీసి స్టెప్నీ నొక్కితే దిండులా లోపలికి పోయింది. పక్కనుంచి లారీలు దూసుకుపోతున్నాయి. లోపల నాగజ్యోతి కర్ర పట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఆమెని ఇక్కడినుంచి ఎలా తీసుకెళ్ళాలో తోచక సుబ్బరాజు రోడ్డు వైపు చూశాడు.

వెనక్కి తిరిగేసరికి యేసురాజు ట్రైలరు మూడో చక్రం విప్పి దొర్లించుకుంటూ వస్తున్నాడు.

"అది నీ బండిది. నా కారుకెలా పడుతుందిరా?"

"పడుతుంది. జాకీ ఎత్తు."

నాలుగు బోల్టులూ దాని కోసమే పుట్టినట్టు కూర్చున్నాయి. సుబ్బరాజుకి అప్పుడు అర్థమైంది.

"నా స్టెప్నీ సంగతి ఎన్నాళ్ళుగా తెలుసు?"

"రెండేళ్ళు. చెబితే అలుగుతావు. హారను బాలేదన్నందుకు దసరా దాకా మాట్లాడలేదు. చెల్లెమ్మ కాలు చూస్తే అలా ఉంది. ఒకవేళ దారిలో..."

సుబ్బరాజుకి సిగ్గేసింది. ఈ పిరికివాడి మీద పట్టలేనంత ప్రేమా కలిగింది. బోల్టులన్నీ మరో చుట్టు బిగించాడు.

కిటికీలోంచి నాగజ్యోతి నవ్వింది. "ఈయన కారుకి స్టెప్నీ తేవడానికి మీ బండికి చక్రాలు, హబ్బులు అన్నీ మార్చారా అన్నయ్యగారూ? అయితే ఈయన గురక సంగతి చెప్పకుండా నిద్రపోవాలంటే నేను వేరే ఇల్లు కట్టాలేమో!"

"గురకా? నేనా?" అని సుబ్బరాజు అలగబోయి, నవ్వేశాడు.